ఆ వేసవి ఎవరి చలవ?

అమ్మలూ,

మొన్న ఫోన్లో ఒక మాటన్నావు. "తాతయ్యా, లాక్‌డౌన్ రోజులే బాగుండేవి. ఆ తర్వాత మనందరం అన్నాళ్లు ఒక్కచోట ఉండనేలేదు" అని. పక్కన కూర్చున్న నానమ్మ ఆ మాట విని ఇప్పటికీ మురిసిపోతూనే ఉంది. నాకూ కడుపు నిండినట్టయింది. నీ మాట కాదనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మనింటి గడప వరకు ఆ రోజులు నిజంగానే బాగున్నాయి. అప్పుడు నువ్వు ఏడో తరగతి, తమ్ముడు రెండు. ఇప్పుడు ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి చదువుకోబోతున్నావు. అవి ఎవరి చలవ వల్ల అంత బాగున్నాయో తెలుసుకోవాల్సిన వయసు వచ్చింది. అప్పట్లో చెప్పాల్సినవి కావవి. ఇప్పుడైనా చెప్పకపోతే ఆ మాటలు నాతోనే పోతాయి.

ముందు నీకు గుర్తున్నవే చెబుతాను. 2020 మార్చి మధ్యలోనే తెలంగాణలో బళ్లు మూసేశారు. ఉగాదికి ఎలాగూ రావాలనుకున్నారు కాబట్టి శనివారం నాడే మీరు నలుగురూ హైదరాబాద్ నుంచి బందరు చేరిపోయారు. మర్నాడు, 22న జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి నువ్వూ తమ్ముడూ మేడెక్కి కంచాలు మోగించారు. 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచే 21 రోజులపాటు ఎవరూ గడప దాటొద్దన్నారు. తెల్లారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. పెరట్లో వేపచెట్టు నిండా పూత ఉంది. పక్కింటివాళ్లు గోడ మీంచి రెండు మామిడికాయలు అందించారు. కొత్త చింతపండూ బెల్లమూ ఇంట్లోనే ఉన్నాయి. కొత్త బట్టలు లేని పండగ ఏమిటని తమ్ముడు మూతి ముడిచాడు. పంచాంగ శ్రవణం టీవీలోనే విన్నాం. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మనం ముందుగదిలో చాప మీద కూర్చుని చూస్తూ పానకం తాగాం.

చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మా ఆడారు. పొద్దున తొమ్మిదింటికీ రాత్రి తొమ్మిదింటికీ దూరదర్శన్‌లో పాత రామాయణం సీరియల్ మళ్లీ వేస్తుంటే, భాష రాకపోయినా తమ్ముడు కళ్లార్పకుండా చూసేవాడు. 21 రోజులన్నది మే 3 దాకా, ఆ తర్వాత 17 దాకా, చివరికి నెలాఖరు దాకా సాగింది. పొడిగించిన ప్రతిసారీ మీరిద్దరూ ఎగిరి గంతేసేవాళ్లు. నీకు గుర్తున్నవి ఇవే కదూ? ఉండాల్సినవీ ఇవే. బయట లోకమంతా వణికిపోతున్నా పసిపిల్లల జ్ఞాపకాల్లోకి ఆ భయం రాలేదంటే, దాన్ని ఎవరో ఆపినట్టే. ఎవరు ఆపారో చెప్పాలంటే మీ అమ్మతోనే మొదలుపెట్టాలి.

మీ అమ్మ పనిచేసిన బడి ఏప్రిల్‌లో సగం జీతం ఇచ్చింది. మేలో అదీ ఇవ్వలేదు. ఈ సంగతి నీకు తెలియదు. పిల్లలకు చెప్పొద్దని నా దగ్గరా నానమ్మ దగ్గరా మాట తీసుకుంది. జీతం రాకపోయినా పాఠాలు ఆపలేదు. వంటగదిలో బియ్యం డబ్బాకి సెల్‌ఫోన్ ఆనించి, తలుపు దగ్గరగా వేసి, నీ ఈడు పిల్లలకే లెక్కలు చెప్పేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే కుక్కర్ కూత పిల్లలకు వినబడకుండా గబుక్కున మైకు ఆపేది. పాఠం అయ్యాక బయటికొచ్చి నీ నోటుపుస్తకం ముందేసుకునేది. సాయంత్రం మీతో దాగుడుమూతలు కూడా ఆడింది. నిద్ర పట్టని రాత్రుళ్లు మేడ మెట్ల మీద కూర్చునేది. ఒకటి రెండు సార్లు నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఫ్లాటు వాయిదా మీ నాన్న ఒక్క జీతంతో ఎలా కట్టాలన్నది ఆమె దిగులు.

మీ అమ్మ ఒక్కర్తే కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు బళ్లలో పాఠాలు చెప్పేవాళ్లు ఆ ఏడాది ఎంత నలిగిపోయారో నేను కళ్లారా చూశాను. కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లున్నారు. ఉపాధి హామీ పనికెళ్లి పార పట్టినవాళ్లున్నారు. ఏడాది గడిచాక, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అలాంటివాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంది. డిగ్రీలు, బీఈడీలు చదివి ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పినవాళ్లు ఆ బియ్యం కోసం రేషన్ దుకాణం ముందు నిలబడ్డారు. నీకు ఆ ఏడాది ఆన్‌లైన్లో సైన్సు చెప్పిన సారు జీతం అందుకుని చెప్పాడో, అందుకోకుండానే చెప్పాడో ఎప్పుడైనా అడిగావా? అడగాలని ఆ వయసులో తోచదు. ఇప్పుడు అడగొచ్చు. ఆయన నంబరు మీ అమ్మ దగ్గర ఉండే ఉంటుంది. ఐఐటీలో సీటొచ్చిందని ఆయనకు చెప్పావా? చెప్పకపోతే ఈ కాగితం పక్కనపెట్టి ముందు ఆ పని చెయ్యి. నేను ఆగుతాను.

ఇక నానమ్మ సంగతి. ఆరుగురికి రెండు పూటలా భోజనం, పొద్దున టిఫిను, మూడుసార్లు కాఫీ, మధ్యమధ్యలో మీకు చేగోడీలూ జంతికలూ. బయట తినుబండారం ఏదీ దొరకని రోజులు. పనామెను రావద్దన్నాం. నానమ్మకు మోకాళ్ల నొప్పులు అప్పటికే ఉన్నాయి. లాక్‌డౌన్ నీకు సెలవులు, మీ నాన్నకు ఇంటి నుంచి ఉద్యోగం, నాకు పెద్ద తేడా లేదు. ఆ అత్తాకోడళ్లకు మాత్రం ఉన్న పని రెండింతలైంది. దేశంలో కోట్ల ఇళ్లలో ఇదే జరిగింది. అందరూ ఇంట్లో ఉండటం ఎంత బాగుందో అని చెప్పుకునే ప్రతి ఇంట్లోనూ, ఆ అందరికీ వండిపెట్టిన చేతులు ఒకటో రెండో జతలే. మీ నాన్న అంట్లు తోమడం ఆ రోజుల్లోనే అలవాటు చేసుకున్నాడు. నువ్వు రోట్లో పచ్చడి నూరడం నేర్చుకున్నావు. హైదరాబాద్ వెళ్లాక ఆ అంట్లు మళ్లీ మీ అమ్మ మీదే పడ్డాయని తెలిసి నాకు నచ్చలేదు. మీ నాన్నతో ఆ మాట సూటిగానే అన్నాను. ఆపదలో పంచుకున్న పని ఆపద తీరాక కూడా పంచుకోవాలి. తమ్ముడికి కూడా ఈ మాట నువ్వే చెప్పు. నేను చెబితే తలూపి వెళ్లిపోతాడు.

పనామె అన్నాను కదా. ఆవిడ పేరు నీకు తెలుసా? మన ఇంట్లో పదేళ్లు అంట్లు తోమింది. నిన్ను చంకనెత్తుకుని గోరుముద్దలు పెట్టింది. నువ్వు "అక్కా" అని పిలిచేదానివి. పేరు నేనిక్కడ రాయను. నువ్వే అడిగి తెలుసుకో.

ఆవిడ నాలుగిళ్లలో పనిచేసేది. నాలుగిళ్లవాళ్లూ రావద్దన్నారు. రెండిళ్లవాళ్లు జీతం ఇచ్చారు, రెండిళ్లవాళ్లు ఇవ్వలేదు. భర్త ఆటో నడిపేవాడు. ఆటో ఇంటి ముందే ఆగిపోయింది. అప్పుడు రేషన్‌లో ఉచితంగా బియ్యం, కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ మొదటివారంలో వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి వెయ్యేసి రూపాయలు చేతిలో పెట్టారు. ఆ నెల వాళ్లింట్లో పొయ్యి ఆ బియ్యంతోనే వెలిగింది. మనం జీతం ఇచ్చామని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఇవ్వాల్సింది ఇచ్చాం. ఆవిడ చేసింది మాత్రం వేరే లెక్క. మే నెలలో నానమ్మ ఆవకాయ పెడదామంటే ఆవపిండి పట్టించడానికి మర తెరవలేదు. ఈ సంగతి ఎవరి ద్వారానో విని, ఆవాలు పంపమని కబురు చేసి, తన ఇంట్లో రోకలితో దంచి, జల్లించి, మూట కట్టి గేటుకు తగిలించి వెళ్లింది. లోపలికి రాలేదు. వద్దన్నది మనమే కదా. నువ్వు హైదరాబాద్ తీసుకెళ్లి ఏడాదంతా ఇష్టంగా తిన్న ఆవకాయ అదే. ఆ ఏడు ఆవకాయ నానమ్మ చేతి చలవని నీకు తెలుసు. ఆ పిండి ఎవరి భుజాల నొప్పి వల్ల వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

పాలు పోసే అతను ఒక్క పూట కూడా మానలేదు. ఊళ్లో కేసులున్న వీధులకు పోలీసులు కర్రలు అడ్డం కట్టినప్పుడు, మోపెడ్ అక్కడే వదిలి క్యాను మోసుకుని నడిచొచ్చాడు. గోడ మీద పెట్టిన గిన్నెలో పైనుంచి పోసేవాడు. చీపురు పట్టుకుని వీధి ఊడ్చే ఇద్దరమ్మలూ, బ్లీచింగ్ చల్లే కుర్రాడూ మాస్కు ఒకటే రక్షణగా తిరిగారు. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగి రాసుకునేది. ఎండలో గేటు అవతలే నిలబడేది. మంచినీళ్లు ఇవ్వబోతే తన సీసా చూపించి వద్దనేది. మనల్ని కాపాడటానికి దూరంగా నిలబడింది. కొన్ని ఇళ్లవాళ్లు ఆమెనే అనుమానంగా చూశారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఏప్రిల్ 5 రాత్రి సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. అది నా బతుకుతో ముడిపడిన విషయం. ఆ రోజు రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లార్పి దీపాలు వెలిగించమన్నారు. నువ్వు పిట్టగోడ పొడుగునా ప్రమిదలు పేర్చావు. ఎంత బాగుందో! నేను మాత్రం గడియారం చూస్తూ కూర్చున్నాను. "ఏంటి తాతయ్యా, పైకి రావేంటి" అని పిలిచావు కూడా. ఎలక్ట్రిసిటీ బోర్డులో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ని నేను. దేశమంతా ఒకే నిమిషంలో లైట్లార్పితే ఏమవుతుందో ఊహిస్తే నా గుండె దడదడలాడింది.

కరెంటు ఎంత వాడుతున్నామో అంతే తయారు కావాలి, క్షణక్షణం. వాడకం ఒక్కసారిగా పడిపోతే 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ పైకి లేస్తుంది. మరీ లేస్తే యంత్రాలు ఒకదాని వెంట ఒకటి ట్రిప్పయిపోతాయి. అప్పుడు ప్రమిదలు తప్ప ఇంకేం వెలగవు. 2012 జులైలో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలినప్పుడు 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉండిపోయారు. ఏప్రిల్ 5 నాటికి ఆసుపత్రుల్లో వెంటిలేటర్ల మీద మనుషులున్నారు. అందుకే లైట్లే ఆపండి, ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ ఆపొద్దని ముందే చెప్పారు. వాడకం పన్నెండు, పదమూడు వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్క వేసుకున్నారు. తగ్గింది 31 వేలకు పైగా. బొగ్గుతో నడిచే కేంద్రాలను అంత వేగంగా దించలేం. నీటితో నడిచే యంత్రాలను దించగలం. అందుకని బొగ్గు కేంద్రాలను ముందే తగ్గించి, జలవిద్యుత్ కేంద్రాలను పైకి తెచ్చి ఉంచారు. తొమ్మిదికి రెండు మూడు నిమిషాల ముందు నుంచి నీటి యంత్రాలను దించుకుంటూ వచ్చి, లైట్లు మళ్లీ వెలిగే వేళకు పైకి లేపారు. దేశమంతటా లోడ్ డిస్పాచ్ సెంటర్లలో, పవర్‌హౌస్‌లలో, సబ్‌స్టేషన్లలో కొన్ని వేలమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వాళ్లకు ఆ రాత్రి దీపం వెలిగించే తీరిక లేదు. మన వీధిలో ఒక్క బల్బు కూడా మిణుకుమనలేదు.

నీ దీపాల ఫొటో ఇప్పటికీ మీ నాన్న ఫోన్లో ఉంది. అది చూసినప్పుడల్లా నాకు ఆ కంట్రోల్ రూముల్లో కూర్చున్నవాళ్లే గుర్తొస్తారు. పని సవ్యంగా జరిగితే ఎవరికీ కనబడని ఉద్యోగాలు కొన్ని ఉంటాయి తల్లీ. తప్పు జరిగినప్పుడే జనం వాళ్లను తలుచుకుంటారు, అదీ తిట్టుకోవడానికి. నా ముప్పై ఏళ్ల సర్వీసులో వాన వెలిశాక స్తంభం దిగుతుంటే "అమ్మయ్య, వచ్చింది" అని ఇళ్లలోంచి వినబడేది. గ్లాసెడు మజ్జిగ పట్టుకుని బయటికొచ్చిన ఇల్లు ఏదో ఒకటి ఉండేది. ఆ ఇళ్లు ఏ ఊళ్లో ఎక్కడున్నాయో ఇప్పటికీ చెప్పగలను. నువ్వు ఇంజినీరువి కాబోతున్నావు. రేపు నీ పనీ అలా ఎవరికీ కనబడకుండా సాగొచ్చు. అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మాట. ఆ ఏప్రిల్, మే నెలల్లో టీవీ పెడితే నడిచిపోయేవాళ్లే కనబడేవారు. హైదరాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నాగ్‌పూర్ వైపు. చెన్నై నుంచి విజయవాడ మీదుగా ఒడిశా వైపు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, కాళ్లకు చెప్పులు కూడా సరిగా లేవు. ఆ దృశ్యాలు చూసి మన ఇంట్లోనే ఒకరం కాకపోతే ఒకరం "మనం ఎంత అదృష్టవంతులమో" అనుకున్నాం. నానమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఆమె భక్తిని నేను కాదనను. కానీ ఎదుటివాడి కాలి బొబ్బలు చూసి మన ఇంటి నీడకు విలువ కట్టుకోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. వాళ్లు నడుస్తున్నారు కాబట్టి మనం సుఖంగా ఉన్నామని తెలిసిందంటే, వాళ్ల బాధ మనకు గుణపాఠంగా పనికొచ్చిందన్నమాట. అలా ఎవరి బాధనూ వాడుకోకూడదు. వాళ్లను చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. వాళ్లు ఏం కట్టారు? ఎవరికోసం కట్టారు?

నీకు సీటొచ్చింది కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో. అందుకే ఇది నీకు మరీ దగ్గరి సంగతి. ఆ క్యాంపస్ భవనాలు కడుతున్న వలస కూలీలు లాక్‌డౌన్లో అక్కడే చిక్కుకుపోయారు. 2020 ఏప్రిల్ నెలాఖరులో, మమ్మల్ని ఇళ్లకు పంపించండని ఆందోళన చేశారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు 24 బోగీల రైలు బయల్దేరింది. సుమారు 1,200 మందిని తీసుకెళ్లింది. దేశంలో వలస కూలీల కోసం నడిచిన మొట్టమొదటి శ్రామిక్ రైలు అది. బయల్దేరింది కార్మిక దినోత్సవం నాడు. రేపు నువ్వు మెట్లెక్కే భవనాల్లో వాళ్ల చేతులు పడ్డవి ఉంటాయి. వాళ్లెవరో నీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ నువ్వు వెళ్లేసరికి అక్కడ ఇంకో కట్టడం లేస్తూ ఉంటుంది, ఇంకొందరు ఇటుకలు మోస్తూ ఉంటారు. వాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు చెవుల్లో పెట్టుకున్నవి తీసేసి, ఏ ఊరని అడుగు. హిందీ నీకు బాగానే వచ్చు కదా.

నా వయసువాళ్లకు కరోనా మొదటి ఉపద్రవం కాదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేల ప్రాణాలు పోయాయి. నేను అప్పుడు కుర్రాణ్ని, బోర్డులో చేరి ఎంతో కాలం కాలేదు. అవనిగడ్డ, నాగాయలంక వైపు కూలిన లైన్లు లేపడానికి మమ్మల్ని పంపారు. అక్కడ చూసినవి నీకు రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. అంత విలయంలోనూ మనిషి మనిషిని పట్టుకుని ఏడ్చాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి భుజం పట్టుకున్నారు. ఒకే గిన్నెలోంచి పది మందీ తిన్నారు. కరోనా ఆ ఓదార్పును కూడా తీసుకుపోయింది. మన వీధి చివర పెద్దాయన పోతే, నలభై ఏళ్లుగా రోజూ పలకరించుకున్న నేను పరామర్శకు పోలేకపోయాను. ఈ రెండిట్లో ఏది పెద్ద కష్టమని అడిగితే చెప్పలేను.

మరుసటి ఏడాది, 2021 మే నెలలో మా చెల్లెలు, మీ నాన్నకు మేనత్త, విజయవాడ ఆసుపత్రిలో పోయింది. నువ్వు ఆన్‌లైన్ పరీక్షల్లో ఉన్నావని నీకు కొన్నాళ్ల తర్వాత చెప్పారు. కొడుకు ఒక్కడినే, అదీ తల నుంచి పాదం దాకా ఆ ప్లాస్టిక్ తొడుగు వేసి రానిచ్చారు. తలకొరివి వాడే పెట్టాడు. మోసిన నలుగురు మాత్రం మాకు ఎవరో తెలియనివాళ్లు. ఆ వేసవిలో ఊరూరా అలాంటి నలుగురు ముందుకొచ్చారు. తిరుపతిలో ముస్లిం యువకులు జట్టుగా ఏర్పడి, అయినవాళ్లు రాలేకపోయిన, రావడానికి భయపడిన శవాలకు వాళ్ల వాళ్ల ఆచారం ప్రకారమే అంత్యక్రియలు చేశారు. అంతకు మించిన సాయం మనిషికి మనిషి చెయ్యగలడా? మా చెల్లెల్ని మోసిన నలుగురికి దండం పెట్టుకునే అవకాశం నాకు రాలేదు. ఇప్పుడు ఏ శవయాత్ర ఎదురైనా ఆగి, మోసేవాళ్లకే మనసులో దండం పెట్టుకుంటున్నాను.

ఆ రెండేళ్లలో నాకు అన్ని విధాలా సబబనిపించిన పని ఒకటుంది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో తొలి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ తొలి టీకా పారిశుద్ధ్య కార్మికురాలికే. మంత్రుల కంటే, ధనవంతుల కంటే ముందు, ఆసుపత్రి నేల తుడిచిన మనిషికి. ఆ వార్త చదివి నానమ్మకు వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఆ సంగతే మాట్లాడుకున్నాం. మనుషులకు వరుస కట్టాల్సి వస్తే ఆ క్రమంలోనే కట్టాలి.

నువ్వు హాస్టల్‌కి వెళ్తున్నావు కాబట్టి కొన్ని పనులు అప్పగిస్తాను, కోప్పడకు. మొదటి వారంలోనే నీ అంతస్తు ఊడ్చే మనిషి పేరు తెలుసుకుని పేరు పెట్టి పిలువు. మెస్‌లో వడ్డించేవాళ్ల ముందు కూరకు వంక పెట్టకు. చెప్పాల్సింది ఉంటే చెప్పాల్సినచోట చెప్పు. ఎవరిచేతనైనా పని చేయించుకుంటే డబ్బు ఆ పూటే ఇవ్వు, రేపిస్తానన్న మాట వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించదు. ఉద్యోగం వచ్చాక ఇంట్లో ఎవరినైనా పనికి పెట్టుకుంటే ఒకటో తారీఖు దాటనివ్వకు. వాళ్లకు జబ్బు చేసిన రోజుకు జీతం కొయ్యకు. ఉపకారం చేసినవాళ్లకు థాంక్స్ అని మెసేజ్ పెట్టి ఊరుకోకు. వాళ్లింట్లో పిల్లల చదువుకు నీ చదువు అక్కరకొస్తుందేమో చూడు. మన పనామె చిన్న కూతురు ఇప్పుడు పదో తరగతి. లెక్కలంటే భయపడుతోందట. నీ దగ్గర లెక్కలున్నాయి, ఆ పిల్లకు ఫోన్ ఉంది. వారానికి ఒక గంట నీకు పెద్ద భారం కాదు.

మీ అమ్మ దగ్గర మాత్రం ఈ ఉత్తరం దాచకు. జీతం సంగతి తాతయ్య చెప్పాడని చెప్పు. మాట తప్పానని నా మీద కోపం వస్తే రానివ్వు, అది నేను పడతాను. ఆ ఏడాది రాత్రుళ్లు మెట్ల మీద కూర్చుని ఏం ఆలోచించిందో ఆమె నోటితోనే విను. మధ్యలో సలహాలు చెప్పకు, ఫోన్ చూడకు. ఆమె ఎంతసేపు చెబితే అంతసేపూ విను.

కందికి బయల్దేరే ముందు రెండు రోజులు బందరు రా. ఆ అక్క ఇల్లు కాలవ గట్టు మీద ఉంది, నువ్వు ఎప్పుడూ చూడలేదు. నేను తీసుకెళ్తాను. నీకు సీటొచ్చిందని విని, "చిన్నమ్మాయి ఎప్పుడొస్తుంది" అని రెండుసార్లు అడిగింది. ఇప్పుడు రెండిళ్లలోనే పనిచేస్తోంది. సాయంత్రం నాలుగు దాటితే ఇంట్లోనే ఉంటుంది. అందుకని మధ్యాహ్నం బస్సుకే రా. ఏ రోజు వస్తావో నానమ్మకు ముందే ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య